ఇంటి ముంగిటి శిలావనము

హిమాలయములవరకు పోనక్కరలేదు, ఊరి చివరి గుట్టపై గండశిలలే మన పిల్లలకు సాహసమును, సంయమమును నేర్పగలవు. కొత్త బౌల్డరింగ్ క్షేత్రమును వెదకి, తీర్చి, చెక్కుచెదరక నిలుపుకొను విధమును గూర్చి ఈ వారపు ముఖచిత్ర కథనము.

దక్కను పీఠభూమిపై పుట్టి పెరిగినవానికి రాయి కొత్త వస్తువు కాదు. గోలకొండనుండి భువనగిరివరకు, పెనుకొండనుండి హార్స్‌లీ కొండలవరకు ఏ దారిన పోయినను, ఒకదానిపై నొకటి ఎవరో పేర్చి పోయినట్లు, గాలి గట్టిగా వీచినచో దొర్లిపడునేమో అన్నట్లు కనిపించుచు, ఐనను తరతరములుగా తావు తప్పక నిలిచియున్న గుండ్లు కంటబడుచునే యుండును. వీనిలో కొన్నింటిని మన పూర్వులు కోటగోడలలో కలుపుకొనిరి. కొన్నింటికి పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కిరి. కొన్నింటి నీడన ఎండకు వానకు తలదాచుకొనిరి. తరువాతివారమైన మనము వానిలో అధికభాగమును పగులగొట్టి, రోడ్లకు కంకరగా, ఇండ్లకు పునాదిగా, అంగళ్ళకు నున్నని నేలగా మార్చుకొంటిమి. మిగిలిన భాగమును చూపి, ఇది ఉన్నచోటనే ఉండగా మనకు ఏ విధముగా ఉపయోగపడునని ఎవరైన అడిగినచో, చెప్పదగిన సమాధానములు మిక్కిలి తక్కువ.

ఆ కొద్ది సమాధానములలో ఒకటి బౌల్డరింగ్. త్రాళ్ళు లేక, మేకులు లేక, చేతివ్రేళ్ళను, కాలిమునివ్రేళ్ళను, దేహపు తూకమును మాత్రమే నమ్ముకొని, రెండు మూడు నిలువుల ఎత్తుగల గుండును ఎక్కి దిగుట ఈ క్రీడ. దీనికి రాయి రాయిగానే ఉండవలెను. పెచ్చు ఊడినచో పట్టు పోవును, పట్టు పోయినచో ఆ దారియే పోవును. కంకర వ్యాపారికి రాయి పగిలిన పిమ్మట విలువ. ఎక్కువానికి పగులనంతవరకే విలువ. ఈ ఒక్క భేదమువలననే, ఊరి చివర ఒక కొత్త బౌల్డరింగ్ క్షేత్రమును వెదకి, శుభ్రపరచి, పదిమందికి అందుబాటులోనికి తెచ్చుట వట్టి వినోదము గాక, ఊరి ఉమ్మడి ఆస్తిని కాపాడు పనులలో చేరదగినదని నా విశ్వాసము. హైదరాబాదు నగరపు పడమటి అంచున, మా ఇంటినుండి నడచి పోదగినంత దూరముననున్న ఒక గుట్టపై, గత కొన్ని చలికాలములుగా మిత్రులతో కలిసి ఈ పని చేయుచు తెలిసికొన్న సంగతులను ఇక్కడ విన్నవించుచున్నాను. ఆ గుట్ట పేరును మాత్రము వ్రాయుట లేదు. కారణము ముందు తెలియగలదు.

అడవి గుండ్లనుండి ఒలింపిక్ వేదికవరకు

పెద్ద శిఖరములకు పోవుటకు ముందు చిన్న రాళ్ళపై కాలు చేయి సాధన చేయుట పర్వతారోహకులకు పాత అలవాటే. ఐతే ఆ సాధన స్వతంత్రమైన విద్యగా రూపొందినది పారిస్ నగరమునకు ఆగ్నేయమున, సుమారు 60 కిలోమీటర్ల దూరముననున్న ఫాంటెన్‌బ్లో అడవిలో. అక్కడి ఇసుకరాతి గుండ్లపై 1930వ దశకమున పియేర్ అలాన్, అతని మిత్రులు సెలవుదినములందు గుమికూడి, ఆల్ప్స్ శిఖరములను తలపోయుచు సాగించిన అభ్యాసము, కాలక్రమమున శిఖరముల ప్రసక్తియే లేకుండ, రాతికొరకే రాతిని ఎక్కు కళగా పరిణమించినది. నున్నని రబ్బరు అడుగుతో, పాదమునకు బిగువుగా అమరు పాదరక్షను రూపొందించిన ఘనతయు అలాన్‌కు చెందును. ఆ వెనుక 1950వ దశకమున, పిమ్మట గణితాచార్యుడైన అమెరికా యువకుడు జాన్ గిల్, తాను అభ్యసించిన జిమ్నాస్టిక్స్‌నుండి రెండు వస్తువులను రాతిమీదికి తెచ్చెను: ఒకటి చేతి చెమ్మను పీల్చు మెగ్నీషియం కార్బొనేట్ పొడి, రెండవది, దేహమును ఒక్క ఊపున, ఒక్క లయతో కదల్చు పద్ధతి. ఎత్తు చిన్నదైనంత మాత్రమున విద్య చిన్నది కాదని 1969లో అతడు వ్రాసిన వ్యాసము ఈ క్రీడకు గౌరవస్థానమును సంపాదించినది. 1990వ దశకమున, పడినప్పుడు దెబ్బ తగులకుండ నేలపై పరచు మందమైన పరుపు, అనగా క్రాష్ ప్యాడ్, వాడుకలోనికి వచ్చిన తరువాత ఇది సామాన్యులకును అందుబాటులోనిదైనది. టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దొరికించుకొని, 2024 నాటి పారిస్ క్రీడలలోను ఇది నిలిచినది.

మన దేశమున ఈ విద్యకు రాజధాని ఏదియని అడిగినచో, ఎవరైనను హంపి పేరే చెప్పుదురు. రాయల పట్టణమునకు ఎదుట, తుంగభద్ర ఆవలి యొడ్డున, ఆనెగొంది చుట్టునున్న గుండ్ల మహాసముద్రము 2003లో శిలారోహకుడు క్రిస్ శర్మ ప్రధానపాత్రగా వెలువడిన ‘పిల్‌గ్రిమేజ్’ అను చిత్రముతో లోకమునకు తెలిసినది; నాటినుండి ఖండాంతరములనుండి యువకులు వీపున పరుపులు మోసికొని అక్కడికి వచ్చుచునే యున్నారు. మన తెలుగునేలపై భువనగిరి వేరొక ఉదాహరణము. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన ఆ ఏకశిలాదుర్గము ఇప్పుడు శిలారోహణము నేర్పు పాఠశాలయైనది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును అందుకొన్న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ రాతిపై తొలి అడుగులు వేసినది అక్కడనే. భువనగిరి త్రాళ్ళతో ఎక్కు మహాశిల. నేను చెప్పబోవునది అంతకంటె చిన్న రాళ్ళ కథ. కాని రెండును ఒకే తల్లి బిడ్డలు.

రెండువందల యేబది కోట్ల యేండ్ల పని

ఆ తల్లి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూగర్భమున మిక్కిలి లోతుగా, కరిగిన శిలాద్రవము నెమ్మదిగా చల్లబడి స్ఫటికములు కట్టుటవలన ఈ గ్రానైట్ ఏర్పడినది. మీదనున్న పొరలు యుగయుగములుగా కొట్టుకొనిపోగా, బరువు తగ్గిన శిల పైకుబికి, అడ్డముగను నిలువుగను నెర్రెలు విచ్చినది. ఆ నెర్రెలలోనికి వాననీరు దిగి, గాలినుండియు మట్టినుండియు గ్రహించిన ఆమ్లగుణముతో రాతిలోని ఫెల్స్‌పార్‌ను మెల్లగా బంకమన్నుగా మార్చినది. చతురస్రముగా చీలిన రాతిదిమ్మకు ముఖముపై ఒక ప్రక్కనుండి, అంచుపై రెండు ప్రక్కలనుండి, మూలపై మూడు ప్రక్కలనుండి నీరు సోకును గనుక మూలలు ముందుగా అరిగినవి, అంచులు పిదప అరిగినవి, మిగిలినది గుండ్రని గుండు. చుట్టునున్న కుళ్ళిన రాయి మొరమై వానలకు కొట్టుకొనిపోయినది. మొరము పోయిన చోట గుండ్లు ఒకదానిపై నొకటి నిలిచిపోయినవి. కావున వీనిని ఎవరును పేర్చలేదు. చుట్టునున్నది తొలగిపోగా మిగిలిన శిలలివి.

ఈ చరిత్ర యెరిగినవాడు గుండును చూచు చూపే వేరు. ఎక్కువానికి కావలసిన ప్రతి పట్టును ఈ క్రమముననే పుట్టినది. ఫెల్స్‌పార్ స్ఫటికములు చుట్టుపట్ల రాతికంటె కొంచెము పైకి తేలి పాదమునకు ఆనిక నిచ్చును. శిల గట్టిపడిన పిమ్మట దాని నెర్రెలలో చొచ్చిన తెల్లని పలుగురాతి చారలు, గ్రానైట్ అరిగినను తాము అరుగక, వ్రేలికొసలకు అంచులుగా మిగులును. వాననీరు జారిన దారులు అరచేతికి ఒదుగు గాడులగును. ఎండకు వానకు ఊడిపోవుచున్న పొరల అంచులు ఆకర్షణీయములైన పట్టులుగా కనిపించును. కాని నమ్మదగనివి అవియే. శిఖరభాగమున నీరు నిలిచి నిలిచి తొలిచిన గుంటలు దొనలగును. వేసవి వచ్చువరకు పక్షులకును మేకలకును అవియే పానపాత్రలు.

వెదకుట

మా గుట్ట ఎవరికిని తెలియనిది కాదు. దాని చుట్టును బస్సులు తిరుగుచుండును. దాని నీడలో కొత్త భవనములు లేచుచుండును. దాని పాదమున ఒక పోచమ్మ గుడి, వెనుక తట్టున ఒక సమాధి, నడుమ మేకల బాటలు. తెలియనిది ఒక్కటే: తంగేడు, సీతాఫలపు పొదల వెనుక ఎన్ని గుండ్లు ఎక్కదగినవిగా ఉన్నవో. ఉపగ్రహచిత్రములలో గుండ్ల నీడలు కనిపించును గాని వాని ఎత్తు, వాలు, క్రింది నేల కనిపించవు. దానికి నడకయే శరణ్యము. ఆకు రాలు ఫాల్గుణమాసము వెదకుటకు మేలు. పొదలు పలుచబడి రాతి ముఖములు బయటపడును. ప్రొద్దుటి ఎండ, సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడునప్పుడు, మిట్టమధ్యాహ్నమున నున్నగా తోచిన ముఖముపైననే సన్నని అంచులు నీడలు పరచి తమ ఉనికిని చెప్పుకొనును.

వెదకువాడు ప్రతి గుండును నాలుగు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది, దీనిపై ఒక దారి ఉన్నదా? అనగా క్రిందినుండి పైవరకు దేహము సహజముగా అనుసరింపదగిన ఒక రేఖ, ఒక నెర్రెగాని, ఒక అంచుగాని, ఒక పలుగుచారగాని ఉన్నదా? రెండవది, పడినచో ఎక్కడ పడుదును? నేల చదునుగా ఉన్నదా, మొనదేలిన రాళ్ళున్నవా? మూడవది, ఎక్కిన పిమ్మట దిగు త్రోవ ఉన్నదా? ఎక్కుటకంటె దిగుట కష్టమైన గుండ్లు మన గుట్టలపై అనేకము. నాలుగవది, ఇది ఇప్పటికే వేరొకరి నివాసమా? మీదికి వంగిన రాతి చూరు క్రింద కొండ తేనెటీగల తుట్టె వ్రేలాడవచ్చును; చలికాలమున రాతి అరుగుపై పెద్ద గుడ్లగూబ గూడు కట్టకయే గ్రుడ్లు పెట్టియుండవచ్చును; అడుగున పాము పండుకొని యుండవచ్చును. నాలుగు ప్రశ్నలలో దేనికి సరియైన సమాధానము రాకున్నను ఆ గుండును విడిచి ముందుకు పోవుటయే విజ్ఞత.

ఇంకొక జాగ్రత్తను ప్రత్యేకముగా చెప్పవలెను. తెలుగునేలపై శిలాశ్రయములలో ఆదిమానవుడు జేగురుతో చిత్రములు వ్రాసినాడు. భూపాలపల్లి ప్రాంతపు పాండవుల గుట్టలలో అవి నేటికిని చూడవచ్చును. నవీన శిలాయుగపు మనుష్యుడు రాతిగొడ్డళ్ళను నూరిన గాడులు బండలపై మిగిలియున్నవి. మౌలాలి గుట్ట పరిసరములలో బృహచ్ఛిలా సమాధులు బయల్పడినవి. కావున చూరు క్రింద ఎర్రని మరకగాని, బండపై నున్నని పొడవాటి గాడిగాని కనిపించిన చోట బ్రష్షు ఆగిపోవలెను, పురావస్తు శాఖకు కబురు పోవలెను. ఒక దారి పోయినంత మాత్రమున క్రీడకు లోపము రాదు. ఒక చిత్రము చెరిగినచో దానిని మరల ఎవరును వ్రాయలేరు.

గుట్ట యెరిగినవాడు

మేము పొదలలో వంగి, గుండ్ల అడుగున తొంగిచూచుచు తిరుగుచుండగా, మేకలను తోలుకొనివచ్చిన ఒక వృద్ధుడు చాలసేపు నిలిచి గమనించి, దగ్గరకు వచ్చి అడిగినాడు: “ఏం దేవులాడుతున్నరు బిడ్డా? లంకెబిందెలా?”

ఆ సందేహము న్యాయమైనదే. గుప్తనిధుల ఆశతో రాత్రివేళ గుండ్ల అడుగున త్రవ్వి, దేవతల అరుగులను పెకలించిపోవు ముఠాల బాధ మన పల్లెలకు కొత్త కాదు. “కాదు తాతా, రాయి ఎక్కనీకి వచ్చినం” అంటిమి.

“ఎక్కి?”

“ఎక్కి దిగుతం.”

ఆయన నవ్వలేదు. మా చేతులను చూచి, పరుపును వ్రేలితో నొక్కి చూచి, కొంతసేపు ఆలోచించి, “అయితె ఆ ఎనుక బోడగుండు జోలికి పోకున్రి, దానికింద తేనెపెర ఉన్నది. మీద దొనల నీళ్ళు మా జీవాలు తాగుతయి, అండ్ల చేతులు కడుగకున్రి. పొద్దుగూకినంక ఈడ ఉండకున్రి” అని మూడు మాటలు చెప్పి, మేకలను అదలించుకొని పోయినాడు.

ఆ మూడు మాటలే మా క్షేత్రమునకు మొదటి నియమావళి. కొత్త స్థలమును కనుగొంటిమని చెప్పుకొనువారు జ్ఞప్తియందుంచుకొనవలసినది ఇది: మనము కనుగొన్నది ఒక కొత్త ఉపయోగమును మాత్రమే, స్థలమును కాదు. ఏ గుండు క్రింద వాన తడుపదో, ఏ బాట బురద కాదో, ఏ చెట్టుక్రింద ఏ నెలలో పాములు తిరుగునో కాపరికి తెలిసినంత మనకెవరికిని తెలియదు. గుట్టపై పని మొదలుపెట్టు బృందము ఆయనవంటివారితో మాటలాడుటకు వెచ్చించిన ప్రతి గంటయు సార్థకము.

రాతికి సేవ, రాతికి అపచారము

వెదకుట ముగిసిన పిమ్మట శుభ్రపరచుట. ఇది బలముతో చేయు పనివలె తోచును గాని, నిజమునకు మర్యాదతో చేయవలసిన పని. ముందుగా ప్రతి పట్టును పిడికిలితో తట్టి వినవలెను. గట్టి రాయి మూగగా పలుకును, ఊడనున్న పొర బోలుగా మ్రోగును. బోలుగా మ్రోగిన పొర, మనిషి బరువు పడినప్పుడు ఊడి క్రిందివాని తలపై పడవచ్చును గనుక, దానిని చేతితో లాగి తొలగించుట దోషము కాదు. చేతికి రానిదానిని సమ్మెటతో కొట్టి తీయుట మాత్రము దోషము. పట్టులపైనున్న మన్నును, రాతిపాచిని నైలాన్ బ్రష్షుతో తుడువవలెను. ఇనుపతీగల బ్రష్షు గ్రానైట్ గరకును మెరుగుపెట్టి పాడుచేయును. రాతిపాచి మిక్కిలి నెమ్మదిగా పెరుగు ప్రాణి; ముఖమంతయు గీకి తెల్లబరచుట అనాగరికము. చేయి పడుచోట, కాలు ఆనుచోట మాత్రము తుడిచినచో చాలును. క్రిందినేలపై దొర్లు రాళ్ళను ప్రక్కకు జరుపవచ్చును; చెట్టును నరుకరాదు, సిమెంటు పోయరాదు.

అన్నింటికంటె గొప్ప అపచారము పట్టును చెక్కుట. ఒక దారి తన బలమునకు అందనప్పుడు ఉలితో అంచును లోతుచేసి ఎక్కుట, తనకంటె సమర్థుడై రేపు రాబోవువాని అవకాశమును నేడే దొంగిలించుట. మా గుట్టపై ఒక పెద్ద గుండుకు నడుమ వరుసగా ఉలిగుంతలు తీసియున్నవి. ఒకప్పుడు రాళ్ళు కొట్టువారు చీలలు దిగగొట్టి రెండుగా చీల్చుటకు మొదలుపెట్టి ఏ కారణముననో మధ్యలో విడిచిన గుండది. ఆ గుంతలు వ్రేళ్ళకు చక్కగా అమరును. వానిని పట్టుకొని ఎక్కవచ్చునా అని మాలో వాదము జరిగినది. అవి ఎక్కువారు తొలిచినవి కావు గనుక ఆ గుండు చరిత్రలో భాగమని అంగీకరించితిమి, కాని వాని ప్రక్కన మరియొక గుంత పుట్టరాదని కట్టడి చేసికొంటిమి.

ఒక్క దారిని దగ్గరనుండి చూతము. పడమటి వాలున, మనిషికి రెండు నిలువుల ఎత్తుగల ఒక గుండు కొంచెము ముందుకు వంగి నిలిచియున్నది. దాని ఎడమ అంచున మోకాలి ఎత్తునుండి ఒక నెర్రె లేచి, రొమ్మెత్తువరకు వచ్చి మూసికొనిపోయినది. అక్కడినుండి బొటనవ్రేలి మందముగల పలుగుచార కుడివైపునకు ఏటవాలుగా సాగి శిఖరముకడ అంతమగును. చూచినవెంటనే నెర్రెనుండి చారకు, చారనుండి శిఖరమునకు దారి తోచును. కాని నెర్రెలో ఎడమచేయి దూర్చి, బొటనవ్రేలు పైకి ఉండునట్లు అరచేతిని బిగించి నిలిచినప్పుడు, కుడిచేయి చారను అందదు. జానెడు దూరము మిగులును. ఎగిరి పట్టుకొనబోయినవారందరును పరుపుపై పడిరి. పరిష్కారము చేతిలో లేదు, కాలిలో ఉన్నది. నెర్రెకు కుడిప్రక్కన, తొడ ఎత్తున, శనగగింజంత గులాబిరంగు స్ఫటికము ఒకటి పైకి తేలియున్నది. కుడికాలి బొటనవ్రేలి లోపలి అంచును దానిపై మోపి, తుంటిని రాతికి ఆనించి, మోకాలిని లోపలికి త్రిప్పినచో, దేహము తానుగా జానెడు లేచును. చార చేతికి వచ్చును. అటుపై రెండు చేతులు చారపై జరుపుచు శిఖరమునకు చేరినచో అక్కడ పట్టు లేదు, నున్నని గుండ్రని వంపు మాత్రమున్నది. అరచేతిని ఆ వంపుపై పరచి, మోచేతిని పైకి త్రిప్పి, భుజబలముతో క్రిందికి నొక్కుచు, మడమను చేతిప్రక్కకు తెచ్చి, మెల్లగా లేచి నిలువవలెను. తొందరపడినవాడు ఇక్కడనే జారును.

ఈ చిన్న విధానమును కనుగొనుటకు మేమందరమును కలిసి ఆలోచించితిమి. ఒకరు ఎక్కుచుండగా మిగిలినవారు చేతులు చాచి క్రింద కాపలా నిలిచిరి. ఒకరు చూడని స్ఫటికమును మరియొకరు చూచిరి. బౌల్డరింగ్‌లో ప్రత్యర్థి లేడు; రాయి ఎవరి పక్షమును వహించదు; బలహీనుని సూచన బలవంతునకు దారి చూపుట నిత్యము జరుగును. మన పిల్లలను పరీక్షల ర్యాంకులతో ఒకరిపై నొకరిని నిలుపు ఈ కాలమున, ఇట్టి క్రీడ ఒకటి ఉండుట ఎంత ఆరోగ్యకరమో వేరుగ చెప్పనవసరము లేదు.

పేరు, అంకె, పటము

దారిని మొదట ఎక్కినవారు దానికి పేరు పెట్టుట ఈ లోకపు సంప్రదాయము. ఆ హక్కును వినయముతో వాడుకొనవలెను. గుండుకు పల్లెవారి నోట ఇదివరకే ఒక పేరున్నచో దానినే నిలుపవలెను. దారికి పెట్టు పేరు గుడికి వచ్చువారి ఎదుట పలుకదగినదై యుండవలెను. కష్టమును సూచించు అంకెలకు రెండు పద్ధతులు ప్రసిద్ధములు: ఫాంటెన్‌బ్లోలో పుట్టినదొకటి, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు హ్యూకో ట్యాంక్స్ గుండ్లకై జాన్ షెర్మన్ రూపొందింపగా 1991లో ప్రచురితమైనది రెండవది. ఈ రెండవ పద్ధతిలో వీ-0 మొదలు నేడు వీ-17 వరకు మెట్లున్నవి. మొదట ఎక్కినవాడు చెప్పిన అంకె ప్రతిపాదన మాత్రమే. పొట్టివారు, పొడుగువారు, స్త్రీలు, పురుషులు పలువురు ఎక్కి, తమ అనుభవమును కలిపిన పిదపనే అది స్థిరపడును. అన్నింటికంటె ముఖ్యమైనది సులభమైన దారులను అలక్ష్యము చేయకుండుట. ఘనమైన దారి ఒకటి పదిమందికి కీర్తి తెచ్చును గాని, పదియేండ్ల బాలిక తొలిరోజున ఎక్కి నవ్వుచు దిగగల పది దారులు ఒక క్షేత్రమునకు ప్రాణము పోయును.

పటమును గీయుటలో గుండ్ల స్థానములతోపాటు తేనెపెరలున్న చోట్లు, గుడి హద్దులు, దొనలు, పోదగిన ఒకే బాట గుర్తింపబడవలెను. పదిమంది పది త్రోవలు తొక్కినచో మొరము నేల వానకు కోసికొనిపోవును; అందరును ఒకే త్రోవ తొక్కినచో పొదలు నిలుచును.

గుట్ట ఎవరిది?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక క్షేత్రాభివృద్ధి పూర్తి కాదు. మన గుట్టలలో కొన్ని ప్రభుత్వభూములు, కొన్ని అటవీశాఖవి, కొన్ని పట్టా భూములు, మరికొన్ని దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు. ఒక్కొక్కప్పుడు ఒకే గుట్టకు నాలుగు ప్రక్కల నలుగురు హక్కుదారులు. కాగితములను చూడక, పెద్దలతో మాటలాడక, గుట్ట పేరును ఫొటోలతో సహా లోకమునకు చాటినచో, మరుసటి ఆదివారము కార్లు వచ్చి బాట మూసివేయును, గుడివారికి కోపము వచ్చును, కాపరికి త్రోవ పోవును, చివరకు కంచె వచ్చును. మా గుట్ట విషయమున ఈ సంప్రదింపులు ఇంకను సాగుచున్నవి. అందువలననే దాని పేరు వ్రాయలేదు. అవి ముగిసిననాడు పటముతోసహా బహిరంగపరచుట మా విధి.

నగరమున ఈ మార్గమును ముందే వేసినవారున్నారు. 1996లో హైదరాబాదున ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏనాటినుండియో ప్రజలను గుట్టలకు నడిపించుచు, రాయి కూడ వారసత్వమే యని బోధించుచున్నది. నగర చరిత్రకారుడు, ఐ.ఏ.ఎస్. అధికారి నరేంద్ర లూథర్ చిరకాలము దాని కార్యమునకు అండగా నిలిచెను. ఆ కృషి ఫలితముగా 9 శిలాసముదాయములు హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ (హుడా) వారసత్వ నిబంధన క్రిందికి వచ్చినవి. 2015లో ఆ నిబంధనయే తొలగిపోయినది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున పుట్టగొడుగు ఆకారపు శిల నేటికిని నిలిచియున్నది. ఖాజాగూడ గుట్టపై దర్గాయు, గుడియు, ఆ రెండింటి నడుమ వ్రేళ్ళకు పొడి పూసికొని రాళ్ళెక్కు యువకులును ఒకే ప్రొద్దుటెండలో కనిపింతురు. కాని దుర్గంచెరువు చుట్టునున్న శిలాసమూహములలో ఎంత భాగము భవనముల క్రిందికి పోయినదో ఆ దారిన పోవు ప్రతివాడును చూచుచున్నాడు. కాగితముపై రక్షణ ఒక సంతకముతో వచ్చును, మరియొక సంతకముతో పోవును. ప్రతి ఆదివారము వచ్చి, ప్రతి గుండును పేరుపెట్టి పిలువగల పౌరులు యాభైమంది ఉన్న గుట్టను మాత్రము ఎవరును రాత్రికి రాత్రి మాయము చేయలేరు. ప్రేలుడుకు రంధ్రము వేసిన మరునాడే వారికి తెలియును, వారు అడుగుదురు.

నా మనవి ఇదే. కరీంనగరము, మహబూబ్‌నగరము, అనంతపురము, చిత్తూరు, ఏ జిల్లాకు పోయినను ఊరికి దగ్గరలో గుండ్లగుట్ట ఒకటి ఉండకపోదు. పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు పిల్లలను అక్కడికి తీసికొనిపోవలెను; క్రీడాసంస్థలు ప్లాస్టిక్ పట్టుల గోడలకు వెచ్చించు ధనములో కొంత ఈ గుట్టల బాటలకును, శిక్షకులకును కేటాయింపవలెను; పంచాయతీలు తమ గుట్టను క్వారీ వేలమునకు పెట్టుటకు ముందు, అది నిలిచియుండగా ఎంతమందికి ఉపయోగపడునో ఒకసారి లెక్కింపవలెను. క్వారీకి పోయిన రాయి ఊరికి ఒక్కసారి డబ్బు తెచ్చును. నిలిచిన రాయి నేటి బాలికకును, ఆమె కుమార్తెకును, ఆ కుమార్తె కుమార్తెకును అదే స్ఫటికముపై కాలు మోపు అవకాశము నిచ్చును. రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పంచాయతీ ఏది గొప్పదో తేల్చుకొనలేకపోదు.

ఎక్కదలచినవారికి

•	కాలము: కార్తీకమునుండి మాఘమువరకు. రాయి చల్లగా ఉన్నప్పుడే పట్టు బాగుగా నిలుచును. వేసవిలో సూర్యోదయమునకు ముందు మాత్రమే. వాన పడిన వెంటనే ఎక్కరాదు.

•	ఒంటరిగా పోరాదు. పరుపు తప్పనిసరి, క్రింద కాపలా నిలుచువారు పడువాని తలను, వీపును పరుపువైపునకు మళ్ళించుట నేర్చుకొనవలెను.

•	ఎక్కుటకు ముందే దిగు త్రోవను చూచుకొనవలెను.

•	తేనెపెర కనిపించినచో శబ్దము చేయక, సుగంధద్రవ్యములు పూసికొనక, దూరముగా తొలగిపోవలెను.

•	పోవునప్పుడు రాతిపై తెల్లని పొడి గుర్తులను బ్రష్షుతో తుడిచిపోవలెను. ఎవరు పారవేసినదైనను కంటబడిన చెత్తను వెంట తీసికొనిపోవలెను.

•	గుడి, దర్గా, సమాధి రాళ్ళను ఎక్కరాదు. కాపరులను, గుడి పెద్దలను ముందుగా పలుకరించవలెను.